పిల్లల నెట్‌బాల్ డిఫెన్స్: ముందు కాళ్లు, తర్వాతే చేతులు

మీ జట్టులో పదేళ్ల పిల్లలు డిఫెన్స్ (ఎదుటి జట్టును అడ్డుకోవడం) అనగానే బంతి మీదికి ఎగబడుతున్నారని, విజిల్ మీద విజిల్ పడుతోందని రాశారు. నేను పిల్లలకు నేర్పడం మొదలుపెట్టిన ఏడాది నా జట్టుదీ ఇదే పరిస్థితి. కారణం నేనే. మొదటి రోజే చేతులు పైకెత్తి అడ్డుకోమన్నాను. చేతులు లేచేసరికి కాళ్లు ఆగిపోయాయి.

ఇప్పుడు మొదటి రెండు వారాలు చేతులు వీపు వెనకే కట్టుకోమంటాను. ఇద్దరిద్దరిని జత చేస్తాను. ఒకరు తప్పించుకోవాలి, ఇంకొకరు ఆమెకు ముందు, కాస్త పక్కకు తిరిగి నిలబడి నీడలా కదలాలి. నేను దూరంగా నిలబడి వేళ్లు చూపిస్తుంటాను. డిఫెండర్ ఆ అంకెను పైకి చెబుతూనే తన మనిషిని వదలకూడదు. బంతినీ మనిషినీ ఒకేసారి చూడమని నోటితో ఎన్నిసార్లు చెప్పినా రాని అలవాటు, ఈ ఆటతో వారంలో వచ్చింది.

బంతి పట్టిన మనిషికి డిఫెండర్ కనీసం మూడడుగుల (సుమారు 90 సెంటీమీటర్ల) దూరంలో ఉండాలన్న నియమానికి అంత పొడవు తాడు ముక్క వాడండి. బంతి పట్టిన అమ్మాయి మొదట నేల మీద ఆనించిన పాదం దగ్గర ఒక కొస, డిఫెండర్ దగ్గరి పాదం దగ్గర రెండో కొస. బంతి అందకపోతే వెంటనే వెనక్కి గెంతి, దూరం కుదిరాకే చేతులెత్తాలి. తొందర పడనక్కర్లేదని కూడా చెప్పండి. బంతి పట్టిన మనిషికి దాన్ని వదలడానికి ఉండేది మూడు సెకన్లే. తప్పు చేసిన డిఫెండర్, అందుకు ఎదుటి జట్టుకు దొరికే పెనాల్టీ వేసే మనిషి పక్కన, బంతి చేయి దాటేదాకా కదలకుండా నిలబడాలి. అంటే అంతసేపూ ఏడుగురి జట్టులో ఆడేది ఆరుగురే. ఈ లెక్క పిల్లలకు తిట్లకన్నా బాగా ఎక్కుతుంది.

బంతి లాక్కోవడం ఆ తర్వాత. నా జట్టులో అందరికన్నా పొట్టి అమ్మాయి ఒకతె ఉండేది. విసిరే మనిషి భుజం ఎటు తిరుగుతుందో చూసి, తన మనిషికి ఒక అడుగు ఎడం ఇచ్చేది. ఖాళీ ఉందనుకుని బంతి వేయగానే అడ్డంగా దూకి అందుకునేది. ఎత్తు లేని పిల్లలను డిఫెన్స్ నుంచి తప్పించవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

గోల్ సర్కిల్‌లో (గోల్ ముందుండే, షాట్లు వేసే అర్ధవృత్తంలో) షాట్‌కు అడ్డంగా ఒంటికాలి మీద ముందుకు వాలడం మాత్రం ఇప్పుడే వద్దు. ఈ వయసులో నిలదొక్కుకోలేక షూటర్ మీద పడిపోతారు. ముందు ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడనివ్వండి.