కాఫీ, మజ్జిగ కూడా నీళ్ల లెక్కలోకి వస్తాయా?

మీరు అడిగింది ఇదీ: చెన్నై షోలింగనల్లూరులో ఐటీ ఉద్యోగం, రోజూ మూడు ఫిల్టర్ కాఫీలు, మధ్యాహ్నం రెండు గ్లాసుల మజ్జిగ, అన్నంలోకి రసం. మంచినీళ్లు మాత్రం లీటరు దాటవు. ఫోన్‌లో యాప్ ఏమో మంచినీళ్లు తప్ప ఇంకేదీ ఒప్పుకోవడం లేదు. మిగతావి లెక్కా, కాదా?

లెక్కే. అన్నీ లెక్కే. నాకీ సంగతి బాగా అర్థమైంది మామయ్యగారు హాస్పిటల్లో ఉన్నప్పుడు. గుండె బలహీనపడి కాళ్లు వాచాయి. అన్నీ కలిపి రోజుకు లీటరున్నర మించకూడదని డాక్టరు గీత గీశారు. మంచినీళ్ల గురించే కదా అనుకుని అత్తయ్య ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చింది. సిస్టరు ఆవిడ చేతిలోంచి డవరా గ్లాసు తీసుకుని, సిరప్ కొలిచే చిన్న ప్లాస్టిక్ కప్పుతో అందులో నీళ్లు పోసి చూసింది. మంచానికి వేలాడుతున్న చార్టులో 120 మి.లీ. అని రాసింది. ఆ తర్వాత మజ్జిగ, రసం, జావ, మాత్ర మింగడానికి తాగిన గుక్కెడు నీళ్లు, అన్నీ అందులోకే ఎక్కాయి. నోరు ఎండిపోతోందని ఆయన చప్పరించిన ఐస్ ముక్కలకు కూడా సగం చొప్పున కట్టింది. నీళ్లు తగ్గించాల్సిన మనిషికి కాఫీ లెక్కైనప్పుడు, పెంచుకోవాల్సిన మీకెందుకు కాదు?

కాఫీ వేడి చేస్తుంది, తాగినదానికంటే ఎక్కువ బయటికి పోతుంది అని మన ఇళ్లలో అందరూ అంటారు. కెఫీన్ వల్ల కాస్త ఎక్కువ సార్లు బాత్రూముకి వెళ్లడం నిజమే, అలవాటు లేనివాళ్లకి మరీ. రోజూ తాగేవాళ్లలో ఆ ప్రభావం బాగా తగ్గిపోతుంది. 2014లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు, రోజూ కాఫీ తాగే 50 మంది మగవాళ్లకి కొన్నాళ్లు రోజుకు నాలుగు కప్పుల కాఫీ, కొన్నాళ్లు అంతే నీళ్లు ఇచ్చి పరీక్షించారు. ఒంట్లో నీటి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. వాళ్ల కప్పు 200 మి.లీ., మన గ్లాసు అందులో సగం చిల్లర. డికాక్షన్ చిక్కగా ఉంటుందన్న మాట వేరే సంగతి.

పాలు, మజ్జిగల గురించి అసలు బెంగే వద్దు. 2016లో వచ్చిన ఇంకో పరిశోధనలో రకరకాల పానీయాలు తాగించి, ఎంత ఒంట్లో నిలుస్తుందో కొలిచారు. పాలు, విరేచనాలప్పుడు తాగే ఓఆర్‌ఎస్ ద్రావణం మామూలు నీళ్లకంటే ఎక్కువ సేపు నిలిచాయి. ఉప్పు, మాంసకృత్తులు ఉన్నవి కడుపులోంచి నెమ్మదిగా దిగుతాయి మరి. మజ్జిగని వాళ్లు పరీక్షించలేదు కానీ, కత్తెర ఎండల్లో ఇక్కడ తణ్ణీర్ పందళ్లలో, అంటే చలివేంద్రాల్లో పోసే ఉప్పు, కరివేపాకు, అల్లం వేసిన పల్చటి మోరుకి (మజ్జిగకి) సాటి ఏదీ లేదని నా గట్టి నమ్మకం.

కోలా, పన్నీర్ సోడా, నన్నారి సర్బత్, చెరకు రసం కూడా నీళ్లే, కాకపోతే పంచదార లెక్క ఇంకోటి తోడవుతుంది. 300 మి.లీ. కోలాలో సుమారు 30 గ్రాములు ఉంటుంది. కొబ్బరి నీళ్లు మంచివే, పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి తాగాలి. బీరు గురించి మీరు అడగలేదు గానీ ఆఫీసు పార్టీలుంటాయి కదా: మద్యం, ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ని అణిచేస్తుంది, అందుకని దాన్ని నేను లెక్కలో వేయను.

ఒక్క విషయం దగ్గర మాత్రం జాగ్రత్త. విరేచనాలప్పుడు మెడికల్ షాపులో డబ్బా జ్యూస్ తీసుకుని ఓఆర్‌ఎస్ అనుకోకండి. అసలు ఓఆర్‌ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకో రెండు లవణాలు. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తీపి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని చెప్పింది.

ఇక మీ లెక్క. అమెరికా వైద్య సంస్థ రోజుకు మగవాళ్లకి 3.7 లీటర్లు, ఆడవాళ్లకి 2.7 లీటర్లు అని చెప్పింది తిండిలో వచ్చే నీటితో కలిపి. అందులో ఇంచుమించు అయిదో వంతు తిండిలోంచే వస్తుంది, అన్నం తినే మనకి ఇంకాస్త ఎక్కువే రావచ్చు. మీరు తాగేవన్నీ కలిపితే రెండు లీటర్లకు కొద్దిగా తక్కువ. రోజంతా ఏసీలో కూర్చుంటే పెద్ద లోటేం కాదు. ఓఎంఆర్ రోడ్డు మీద బండి నడుపుకుంటూ చెమటలు కక్కుతూ వెళ్తున్నారంటే ఇంకో లీటరు కావాలి. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే ఇంకా ఎక్కువ, అది మీ డాక్టరు చెప్పాలి.

నేనైతే ఆ యాప్ తీసేసి, సాయంత్రం మూత్రం రంగు చూసుకోమంటాను. లేత పసుపు ఉంటే సరే, ముదురుగా ఉంటే తాగండి. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మాత్రం చూసి హడలిపోకండి, ఆ పసుపు మాత్రదే.