పాత ఓనరు పెంచిన పవర్‌కు నేను బాధ్యుడినా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో 2017 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనరు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించి, అంటే దాని సాఫ్ట్‌వేర్ మార్పించి, పవర్ పెంచాడని మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించి చూసి చెప్పాడు. బండి ఇంకా కేఏ నంబరు మీదే ఉంది. ఆర్టీవో పట్టుకుంటారా? బీమా చెల్లుతుందా? ఇలాంటి ఇంజిన్‌నే కంపెనీ తర్వాత 245 హార్స్ పవర్‌తో అమ్మింది కదా, తప్పేముంది?

జవాబు: చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. కంపెనీ 2017లో 230తో అమ్మింది, 2020లో 245తో అమ్మింది, నిజమే. ఆ పెరిగిన 15 గుర్రాలకూ టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) ఉంది. మీ బండిలో పెరిగినవాటికి ల్యాప్‌టాప్ ఒక్కటే సాక్ష్యం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడాగా ఉండేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 'సీసీ మారలేదు కదా' అని ట్యూనింగ్ వాళ్లు వాదిస్తుంటారు. రిజిస్ట్రేషన్ దరఖాస్తులో హార్స్ పవర్‌కూ ఒక గడి ఉందని వాళ్లకు గుర్తుండదు. 182ఏ(4) కింద శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ. అయితే ఆ సెక్షన్ 'మార్చిన ఓనరు' గురించి మాట్లాడుతుంది. మార్చింది మీరు కాదు కాబట్టి నేరం నేరుగా మీ మెడకు చుట్టుకోదు. మీరు ఇంకొంచెం పెంచుకుంటే మాత్రం మీదే.

ఆర్టీవో ఆఫీసులో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చూస్తారు, సాఫ్ట్‌వేర్ తెరిచి చూడరు. పొల్యూషన్ పరీక్షలోనూ దొరక్కపోవచ్చు.

అసలు చిక్కు బీమాతో. మీ బండి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ పరిహారం ఆగదు. 150వ సెక్షన్‌లో బీమా కంపెనీకి ఇచ్చిన సాకుల జాబితాలో రీమ్యాప్ పేరు లేదు. మీ సొంత బండి నష్టం సంగతి వేరు. రేపు పెనుకొండ దగ్గర బండి బోల్తా కొట్టిందనుకోండి, సర్వేయర్ ఈసీయూ చదివించి 'ఈ మార్పు మాకు చెప్పలేదు' అని రాస్తే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. ప్రమాదానికీ రీమ్యాప్‌కూ సంబంధం లేదని వినియోగదారుల కమిషన్‌లో వాదించొచ్చు, కానీ అప్పటిదాకా షెడ్డు బిల్లు మీ జేబులోంచే. పైగా పాలసీ మీ పేరుకు మారాలంటే కొన్న 14 రోజుల్లో దరఖాస్తు ఇవ్వాలి. థర్డ్ పార్టీ కవర్ దానంతటదే మీకు వస్తుంది, సొంత నష్టం కవర్ రాదు.

కాబట్టి ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోండి. ఆ పని పేరు ఇన్‌వాయిస్‌లో రాయించుకోండి. ఆ తర్వాతే ఎన్‌ఓసీ, ఏపీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్.

అమ్మినవాడు పాత కార్ల వ్యాపారి అయితే, 'అంతా స్టాక్' (కంపెనీ ఇచ్చినట్టే ఉంది) అని వాట్సాప్‌లో చెప్పి ఉంటే, ఆ మెసేజీలు దాచండి. రెండేళ్లలోపు అనంతపురం వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, బెంగళూరు తిరగక్కర్లేదు. మామూలు వ్యక్తి దగ్గర కొనుంటే సివిల్ కోర్టే దిక్కు, అది మీ ఓపికను బట్టి. 14 రోజుల లెక్క మాత్రం ఈరోజే చూసుకోండి.