మేనత్తకు అండాశయ క్యాన్సర్ వస్తే నాకూ రిస్క్ ఉన్నట్టేనా? నాన్న వైపు కదా!

మీ మేనత్తకు 47 ఏళ్లకే అండాశయ క్యాన్సర్ వచ్చిందనీ, "నాన్న వైపు కదా, నీకేం కాదు" అని ఇంట్లో అంటున్నారనీ రాశారు. టెన్షన్ ఆగక సీఏ 125 అనే రక్తపరీక్ష చేయించుకుంటే నార్మల్ వచ్చింది, ఇక మరిచిపోవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను, కానీ ఇవే మాటలు వింటూ ఇదే దారిలో వెళ్లినదాన్ని. అప్పుడే మరిచిపోకండి.

మాదీ నాన్న వైపే. నానమ్మ పోయేటప్పటికి నాన్న కాలేజీలో ఉన్నారు. ఎప్పుడు అడిగినా "పొట్టలో నీరు పట్టి పోయింది" అనేవారు. లివర్ జబ్బేమో అనుకునేవాళ్లం. తర్వాత మా అత్తకు 51వ ఏట పొట్ట ఉబ్బరం మొదలైంది. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. నాలుగు నెలలు గ్యాస్ మాత్రలు మింగింది. స్కాన్ తీసేసరికి మూడో స్టేజి. పొట్టలో నీరు చేరింది అని డాక్టర్ చెప్పగానే నాన్న గోడకు ఆనుకుని నిలబడిపోయారు. నానమ్మ జబ్బు ఏమై ఉంటుందో మాకు ముప్పై ఏళ్లు దాటాక తట్టింది, అదీ చేతిలో ఏ రిపోర్టూ లేకుండా.

అత్త డాక్టర్ జెనెటిక్ టెస్ట్ రాశారు. ముందు మాకోసం కాదు, ఆమె కోసమే. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం ఉంటే అండాశయ, రొమ్ము క్యాన్సర్ల రిస్క్ పెరుగుతుంది. ఆ లోపం ఉన్నవాళ్లకు పార్ప్ ఇన్హిబిటర్లు అనే క్యాన్సర్ మందులు బాగా పనిచేస్తాయి. బీఆర్‌సీఏ1 పాజిటివ్ వచ్చింది. దాంతో మా అందరి లెక్కా మారిపోయింది.

ఈ జన్యువు ఉండేది 17వ క్రోమోజోమ్ మీద. దానికి ఆడా మగా తేడా లేదు. తండ్రిలో ఉన్నా తల్లిలో ఉన్నా పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. కాకపోతే మగవాళ్లకు అండాశయాలు ఉండవు కాబట్టి నాన్నల దగ్గర జబ్బు బయటపడకపోవచ్చు, అందుకే ఆ వైపు చరిత్ర ఎవరూ పట్టించుకోరు. మా నాన్నకు పాజిటివ్. నాకూ పాజిటివ్. మా చెల్లికి నెగెటివ్. మా బాబాయి మాత్రం "ఆడవాళ్ల జబ్బు నాకెందుకు" అని ఇప్పటికీ చేయించుకోలేదు. ఈ లోపాలున్న మగవాళ్లకు, ముఖ్యంగా బీఆర్‌సీఏ2 ఉంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ రిస్క్ పెరుగుతుందని చెప్పి చూశాం. వినలేదు. ఆయనకు ఇద్దరు కూతుళ్లు.

అంకెలు మొదటిసారి చూస్తే గుండె జారుతుంది, అయినా చెప్తాను. మామూలుగా ఒక మహిళకు జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి ఒకటికి కాస్త పైన. బీఆర్‌సీఏ1 లోపం ఉంటే సుమారు 39 నుంచి 58 శాతం, బీఆర్‌సీఏ2 అయితే 13 నుంచి 29 శాతం. లించ్ సిండ్రోమ్ లాంటి వంశపారంపర్య లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. అందుకే పెద్ద పేగు, గర్భసంచి క్యాన్సర్లు ఎవరికైనా వచ్చాయా అని కూడా ఇంట్లో అడిగి రాసుకోండి.

ఇక మీ సీఏ 125. అది జన్యు పరీక్ష కాదు. మీకు రిస్క్ ఉందో లేదో అది చెప్పదు, ఆ రోజు రక్తంలో ఒక ప్రొటీన్ ఎంత ఉందో చెప్తుంది. జబ్బు తొలి దశలో ఉన్నా నార్మల్ రావచ్చు, జబ్బు లేకపోయినా పీరియడ్స్ వల్లో ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది బయట పెరిగే జబ్బు) వల్లో పెరగవచ్చు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మహిళలతో ఏళ్ల తరబడి పెద్ద అధ్యయనం చేశారు. సీఏ 125, స్కాన్లతో స్క్రీనింగ్ చేసినా మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు. నేనూ రెండేళ్లు ఆ నార్మల్ రిపోర్టులు ఫైల్లో పెట్టుకుని నిశ్చింతగా తిరిగాను. ఇప్పుడు తలచుకుంటే చిరాకేస్తుంది.

మీరు చేయాల్సింది టెస్ట్‌కి పరుగెత్తడం కాదు, వరస పాటించడం. ముందు మీ అత్తకు, తర్వాత నాన్నకు, ఆ తర్వాత మీకు. అత్తలో ఫలానా లోపం ఉందని తేలి, అది నాన్నలో లేదంటే ఆ లోపం గురించి మీరు ఇక భయపడక్కర్లేదు, పరీక్షా అవసరం లేదు. మీరొక్కరే ముందు చేయించుకుని నెగెటివ్ వస్తే, మీ ఇంట్లో లోపమే లేదో, ఉండి మీకు రాలేదో, ఈ టెస్ట్‌కి దొరకని వేరేది ఉందో తేలదు. అత్త లేకపోయినా, ఒప్పుకోకపోయినా నాన్నతో మొదలుపెట్టవచ్చు, జవాబు కొంచెం మసకగా ఉంటుంది. ఇంకోటి, "వీయూఎస్" అని రిపోర్టు వస్తే అది పాజిటివ్ కాదు, ఆ మార్పు అర్థమేంటో ఇంకా తేలలేదని. దాన్ని పట్టుకుని ఆపరేషన్ నిర్ణయాలు తీసుకోరు.

నేను 39లో అండాశయాలు, వాటిని గర్భసంచికి కలిపే ట్యూబులు తీయించుకున్నాను. బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లకు పిల్లలు వద్దనుకున్నాక 35-40 మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40-45 మధ్య సాధారణంగా సూచిస్తారు. ట్యూబులు కూడా ఎందుకంటే, ఎక్కువగా కనిపించే రకం క్యాన్సర్ చాలాసార్లు ట్యూబు చివరే మొదలవుతుంది. రిస్క్ బాగా తగ్గుతుంది కానీ సున్నా కాదు. ఆపరేషన్ కంటే తర్వాత వచ్చినదే నాకు కష్టమైంది. మెనోపాజ్ మెల్లగా రాలేదు, వారంలో వచ్చి పడింది. అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, ఊరికే ఏడుపు. రొమ్ము క్యాన్సర్ రాలేదు కాబట్టి హార్మోన్ చికిత్స ఇచ్చారు, ఆరు నెలలకు మనిషినయ్యాను. రొమ్ముల విషయంలో ఆపరేషన్ వద్దనుకున్నాను. ఏటా ఎంఆర్‌ఐ, మామోగ్రామ్ చేయించుకుంటున్నాను.

మీకు ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు. ఈ వారం అత్త దగ్గరికి వెళ్లి బయాప్సీ రిపోర్ట్, జెనెటిక్ రిపోర్ట్ ఉంటే అదీ ఫొటో తీసుకుని జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. టెస్ట్ గడ్డ ముక్క మీద చేశారా, రక్తం మీద చేశారా అన్నది కూడా చూసుకోండి. గడ్డలో కనిపించిన లోపం అక్కడిదే కావచ్చు, వంశంలోది అని చెప్పాలంటే రక్తంలోనో లాలాజలంలోనో కూడా కనపడాలి.