బావ లారీయా, బయటి కంపెనీయా?

ప్రశ్న: నా వయసు 27. గోదాములో లెక్కలు రాసే పని మానేసి శిక్షణ తీసుకున్నాను, కిందటి నెలలో భారీ వాహనాల లైసెన్సు వచ్చింది. మాకు ఏడు నెలల పాప. ఒక పెద్ద రవాణా కంపెనీ ఆరు వారాలు నేర్పించి ఉద్యోగం ఇస్తామంటోంది. కానీ ఏడాదిలోపు మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలట. మా అక్క భర్తకు నాలుగు లారీలున్నాయి. ‘బయటివాళ్ల దగ్గర చేయడమెందుకు? నా లారీ ఒకటి తీసుకో. సంపాదనలోంచి వాయిదాలు కోసుకుంటాను, నాలుగేళ్లలో బండి నీదే’ అంటున్నారు. లెక్క వేస్తే అక్కడే ఎక్కువ మిగిలేలా ఉంది. నా భార్య మాత్రం కంపెనీలోనే చేరమంటోంది. ఈ విషయం మీద వారం రోజులుగా మా మధ్య సరిగా మాటల్లేవు. బావగారిని కాదంటే అక్క ముందు తలెత్తుకోలేను. ఏం చేయమంటారు?

సమాధానం: డబ్బు గురించి రాశారు, బంధుత్వం గురించి రాశారు. ఆ బండిని రోడ్డు మీద నడపబోయేది మీరు. దాని గురించి ఒక్క మాటా రాయలేదు. మీ ఉత్తరం చదవగానే నాకు ముందు తట్టింది అదే.

లైసెన్సు వచ్చిందంటే పరీక్ష గట్టెక్కారని మాత్రమే అర్థం. అసలు చదువు ఇప్పుడు మొదలవుతుంది. ట్రైలర్‌ను వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ తోక దానికి ఎదురువైపు తిరుగుతుంది. ఇరుకైన చోట, నలుగురు చూస్తుండగా, చీకట్లో ఆ పని చేయాలి. పొడవైన దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. దిగుడు మొదలు కాకముందే చిన్న గేరులోకి రావాలని పక్కన ఒకరు కూర్చుని పదిసార్లు చెబితే తప్ప ఒంటికి పట్టదు. సగం నిండిన ట్యాంకర్‌లో ద్రవం ముందుకూ వెనక్కీ కొట్టుకుంటుంది. బ్రేకు వేశాక కూడా అది బండిని ముందుకు తోస్తుంది. ఇవేవీ పుస్తకంలో చదివి వచ్చేవి కావు. అందుకే మొదటి కంపెనీని జీతం చూసి కాదు, నేర్పేవాళ్లను చూసి ఎంచుకోవాలంటాను.

అలాగని పెద్ద కంపెనీ అంటేనే బాగా నేర్పుతుందని నమ్మకండి. ఆ ఆరు వారాలూ ఎలా గడుస్తాయో విడమరచి అడగండి. నేర్పే డ్రైవరు మీ పక్క సీట్లో మెలకువగా కూర్చుంటారా, లేక మీరు నడుపుతుంటే వెనక పడకలో నిద్రపోతారా? రెండోదైతే అది శిక్షణ కాదు. శిక్షణ పేరు చెప్పి ఇద్దరు డ్రైవర్లతో రాత్రింబవళ్లు సరుకు తోలించుకోవడం. ఆ తేడా చేరకముందే తెలుసుకోవాలి.

ఇక నిద్ర సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి. డ్రైవర్ల కుటుంబాలతో మాట్లాడిన ప్రతిసారీ చివరికి మాట వచ్చి ఆగేది దీని దగ్గరే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన ఒడంబడిక ప్రకారం డ్రైవరు ఏకబిగిన నాలుగు గంటలకు మించి నడపకూడదు. అక్కడి పరిస్థితులను బట్టి ప్రభుత్వం అనుమతిస్తే ఇంకో గంట, అంతే. మొత్తం మీద రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు. రోజులో వరుసగా 10 గంటలు విశ్రాంతి ఉండాలి. అన్ని దేశాలూ దానికి ఒప్పుకోలేదు, ఒక్కో చోట ఒక్కో లెక్క ఉంది. మీకు వర్తించే లెక్క మీకు కంఠతా రావాలి. ఇది కాగితం కోసం పెట్టిన నియమం కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. నాలుగు సెకన్లు కునుకు పడితే దాదాపు 90 మీటర్ల దూరం ఆ బండిని ఎవరూ నడపడం లేదన్నమాట. పగలు నిద్రపోయినా సరే, రాత్రి రెండు నుంచి ఐదు మధ్య శరీరం దానంతట అదే వాలిపోతుంది. కిటికీ తెరిచి గాలి పీల్చినా, పాటలు గట్టిగా పెట్టినా ఆ మత్తు వదలదు. బండి పక్కన ఆపి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుంటే కొంత తేరుకుంటారు. పూర్తిగా తీరాలంటే నిద్రే పోవాలి.

కాబట్టి ఎవరి దగ్గర చేరాలన్నా మీరు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే. ‘నాకు నిద్ర వస్తోంది, బండి ఆపేస్తున్నాను, సరుకు ఆలస్యమవుతుంది’ అని అర్ధరాత్రి ఫోన్ చేస్తే అవతలివారు ఏమంటారు?

కంపెనీలో ఈ ప్రశ్నను అధికారిని అడగకండి, మంచి జవాబే వస్తుంది. సాయంత్రం వేళ బండ్లు ఆగే చోటుకు వెళ్లి, ఏడాదిలోపు చేరిన డ్రైవర్లను ఇద్దరు ముగ్గురిని అడగండి. ఈమధ్య అలా ఆపినవాళ్లకు తర్వాతి ట్రిప్పులు తగ్గించారా, ఏమీ అనలేదా? పనిలో పనిగా టైర్లు చూడండి. అరిగిన టైర్లతో బండ్లను పంపే యజమాని డ్రైవరు అలసటను పట్టించుకుంటాడని నేను అనుకోను.

ఇదే ప్రశ్న మీ బావగారికి వేసి చూడండి. ఆయన మంచివారే కావచ్చు, మీ మేలు కోరే అడిగి ఉండవచ్చు. కానీ సరుకు వేళకు చేరకపోతే నష్టం ఆయన ఇంటికి, అంటే మీ అక్క ఇంటికి. ‘ఆపేస్తున్నాను’ అనే మాట ముక్కూమొహం తెలియని మేనేజరుతో అనడమే కష్టం. అక్క భర్తతో ఎలా అంటారు? మొహమాటపడి ఇంకో రెండు గంటలు నడుపుతారు. నాకు భయం వేసేది ఆ రెండు గంటల గురించే.

పైగా వాయిదాల లారీ. కొత్త చేతిలో బండి కాస్తో కూస్తో గీసుకుపోతుంది, ఎవరికైనా తప్పదు. అది మరమ్మతుకు వెళ్లిన పది రోజులు సంపాదన ఉండదు, వాయిదా తేదీ మాత్రం వస్తుంది. మీరు వేసుకున్న లెక్కలో బండి ఏడాదికి ఎన్ని రోజులు నిలిచిపోతుందని రాశారు? టైర్లు, బీమా ఎవరివి? మూడేళ్లు కట్టాక మీరు మానేస్తే కట్టినదంతా ఏమవుతుంది? అమెరికాలో ఇలాంటి పద్ధతినే, అంటే డ్రైవరు కంపెనీ బండినే వాయిదాల మీద తీసుకుని అదే కంపెనీకి నడిపే ఒప్పందాలను, ప్రభుత్వం నియమించిన బృందం ఒకటి పరిశీలించింది. వాటిని నిషేధించాలని 2025 జనవరిలో సిఫారసు చేసింది. ఎందుకంటే వాయిదాలు కట్టిన డ్రైవర్లలో బండి చేతికొచ్చినవారు చాలా అరుదు. మీ బావగారు అలాంటివారని నేను అనడం లేదు. బండి కొనడం మూడో ఏటో నాలుగో ఏటో ఆలోచించవలసిన పని, మొదటి ఏట కాదు.

కంపెనీ జీతాన్ని కూడా సరిగ్గా లెక్కించండి. కిలోమీటరుకు ఇంత అన్నప్పుడు చక్రం తిరిగినంతసేపే డబ్బు. మూడు రోజుల ట్రిప్పులో 72 గంటలు ఇల్లు వదిలి ఉంటారు. రోజుకు 9 గంటల చొప్పున నడిపేది 27. మిగతా 45 గంటల్లో నిద్రతోపాటు లోడు కోసం వరసలో నిలబడటం, కాగితాలు, దించుకోవడం ఉంటాయి. ఎదురుచూపులకు డబ్బు ఇస్తారా? ఖాళీ బండితో తిరిగి వస్తే? ఒప్పందంలో ఏడాది పూర్తికాకముందే మానేస్తే మొత్తం కట్టాలా, పనిచేసిన నెలలు తగ్గిస్తారా? మీ అసలు సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా తాకట్టుగా వదలకండి.

ఇప్పుడు మీ భార్య సంగతి. ఆమె కంపెనీ వైపు ఎందుకు మొగ్గిందో మీరు రాయలేదు. అడగలేదేమోనని నా అనుమానం. నా దగ్గరికి వచ్చిన ఒక డ్రైవరు భార్య అన్న మాట నాకింకా గుర్తుంది: ‘ఆయన ఇంటికి వచ్చిన మొదటి రోజంతా నిద్రపోతారు, రెండో రోజు సాయంత్రానికి మళ్లీ బ్యాగు సర్దుతాను. నాకు మిగిలేది రెండో రోజు పొద్దున ఒక్కటే.’ మీ భార్య ఏడు నెలల బిడ్డతో ఆ రోజులన్నీ ఒంటరిగా గడపబోతోంది. నెలకు ఎన్ని రాత్రులు ఇంట్లో ఉంటారు, ఆ రోజులు ముందుగా తెలుస్తాయా, పాపకు జ్వరం వస్తే ఎంతసేపట్లో రాగలరు అన్నవి ఆమె హక్కుగా అడగవలసిన ప్రశ్నలు. ఒప్పందం కాగితాన్ని సంతకానికి ముందు ఆమె చేతికివ్వండి. వీలైతే ఆ కంపెనీ డ్రైవరు భార్యతో ఒకసారి మాట్లాడించండి. కార్యాలయంలో దొరకని జవాబులు అక్కడ దొరుకుతాయి.

నా మొగ్గు కంపెనీ వైపే. అయితే పక్కన కూర్చుని నేర్పడం, నిద్ర వస్తే ఆపనివ్వడం, ఈ రెండింటికీ సరైన జవాబు వస్తేనే. రాకపోతే అదీ వద్దు. రాత్రికి ఇల్లు చేరే దగ్గరి రూట్లు నడిపే చిన్న సంస్థలు వెతకండి. డబ్బు కొంత తక్కువైనా, రోజుకు పదిసార్లు బండి వెనక్కి పెట్టే పనిలో చెయ్యి త్వరగా తిరుగుతుంది. మరీ నెలల తరబడి ఆలోచిస్తూ కూర్చోకండి. కొత్తగా నేర్చిన పని చేయకుండా ఉంటే మరచిపోతాం.

బావగారికి ఫోన్‌లో చెప్పకండి, ఇంటికి వెళ్లండి. అక్క కూడా ఉన్నప్పుడే చెప్పండి. ‘బావగారూ, మీ బండి మీద పని నేర్చుకుని దాన్ని పాడు చేయలేను. రెండేళ్లు బయట నడిపి వస్తాను. అప్పటికీ మీకు డ్రైవరు కావాలంటే ముందు నన్నే అడగండి’ అనండి. ఇందులో అబద్ధం లేదు, ఆయన్ను తక్కువ చేసిన మాటా లేదు. ఆయనకు కష్టం కలిగితే కలగనివ్వండి, నాలుగు రోజులు ఊరుకోండి. మధ్యలో మీ భార్య పేరు మాత్రం తేకండి. ‘మా ఆవిడ వద్దంది’ అన్నారంటే ఆ మాట ఆమె మీద ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నిర్ణయం నాదేనని చెప్పండి.

కానీ అంతకంటే ముందు, ఈ రాత్రే, పాప పడుకున్నాక మీ భార్య దగ్గర కూర్చుని, కంపెనీలోనే చేరమని ఎందుకంటోందో అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా మీ లెక్కల కాగితం బయటికి తీయకండి.