రోబో కథ రాయబోతున్న అమ్మాయికి

కావలి

చిరంజీవి సునీతకు పెదనాన్న దీవించి రాయునది.

ఉద్యోగం మానేసి రోబోల మీద వెబ్ సిరీస్ రాస్తానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడికి ఏడుపొక్కటే తక్కువ. నాకు మాత్రం మన ఇంట్లో ఇంకొకరు రాస్తున్నారని సంబరం. ఆ రంగంలో డబ్బులు ఎట్లా ఎగ్గొడతారో తెలుసు గనక గుబులు కూడా.

మొదటి చెక్కు బ్యాంకులో పడేదాకా రాజీనామా ఇవ్వొద్దు. ఒప్పందం వకీలుకి చూపించందే సంతకం పెట్టొద్దు. రాత్రిళ్లు అన్నం మానితే ఊరుకోను.

ఇక నువ్వు పంపిన కథ. ఇంటిపనికి రోబో వస్తుంది, ఇంటాయన తాగొచ్చి దాన్ని బాదుతాడు, పళ్లు కొరుకుతాడు. చదువుతుంటే ఒళ్లు మండింది.

కందుకూరు వైపు ఒక ఊళ్లో తిరునాళ్లకి జీతగాడి నాటకం వేశాం. జీతగాణ్ణి నేనే. మా రచయిత భూస్వామికి ఇంత మీసం పెట్టించి, కొరడా ఇచ్చి, వచ్చినప్పుడల్లా వికటాట్టహాసం చేయించాడు. ముందు వరసలో ఆ ఊరి మోతుబరి. ఆయన వెనకాల పాలేరు కుర్రాడు, మీసాలైనా రాలేదు, మంచినీళ్ల చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను కొరడా దెబ్బలు తిని పడిపోతే ఆ మోతుబరి కళ్లు తుడుచుకున్నాడమ్మా! తుడుచుకుని, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపాడు. కుర్రాడు చెంబు అందించాడు. ఆఖర్న ఆయన నూటపదహార్లు చదివించాడు కూడా. ఆయనెప్పుడూ కొరడా పట్టలేదు, అట్టహాసం చెయ్యలేదు. ఇంక ఆ కథ తనదని ఎందుకనుకుంటాడు? మా రచయితకి ఈ మాట చెబితే, 'జనం ఏడ్చారా లేదా?' అన్నాడు.

అమెరికా టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో 1989లో వచ్చిన 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' అనే ఎపిసోడ్ చూడు. డేటా అనే మరమనిషిని విప్పి చూసి అలాంటివి మరిన్ని చేస్తానంటాడు ఒక శాస్త్రవేత్త. డేటా కుదరదంటాడు. వస్తువుకి కాదనే హక్కుందా అని విచారణ. డేటాకి ఎదురు వాదించాల్సినవాడు స్నేహితుడు రైకర్. నువ్వు వాదించకపోతే ఇప్పుడే వస్తువని తీర్పిచ్చేస్తానంటుంది జడ్జి. వాదనకి సిద్ధమవుతుంటే డేటాని ఆపేసే స్విచ్ సంగతి రైకర్ కంటపడుతుంది. ముందు గెలిచానన్న మెరుపు, ఆ వెంటనే ముఖం వాడిపోతుంది. విచారణలో అందరి ముందూ డేటా చెయ్యి ఊడదీసి చూపిస్తాడు, ఆ స్విచ్ నొక్కుతాడు. డేటా ముందుకి కూలిపోతాడు. పళ్లు కొరికేవాడు అందులో ఎవడూ లేడు. మంచివాడే ఆ పని చేస్తాడు, అదీ చక్కగా చేస్తాడు.

నీ రోబోకి సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్ 1942 కథలోని మూడు సూత్రాలు పెట్టావు. మనిషికి హాని చెయ్యకూడదు, చెప్పిన మాట వినాలి, తనని తాను కాపాడుకోవాలి. మూడూ చాకిరీ చేసేదానికే. చేయించుకునేవాడికి ఒక్కటైనా ఉందా? అక్కడ పట్టుకో. ఇంటాయన్ని తాగించకు, కొట్టించకు. కాదనలేనిది ఇంట్లో తిరుగుతుంటే మర్యాదస్తుడు ఏమేం అడగడం మొదలుపెడతాడో రాయి. మొదట కాఫీ. తర్వాత అర్ధరాత్రి కాఫీ. తర్వాత, అమ్మగారితో చెప్పొద్దని ఒక చిన్న పని.

నా మాట నచ్చకపోతే పోట్లాడు, అలగొద్దు. ఈసారి పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపు, ఫోన్‌లో కళ్లు లాగుతున్నాయి. మీ నాన్న సంగతి నాకొదిలెయ్. పెద్దమ్మ నెల్లూరు నుంచి మలైకాజాలు తెప్పించింది, ఆదివారం వచ్చే మీ బాబాయితో పంపిస్తుంది.

మీ పెదనాన్న