పీఎన్‌ఆర్ వచ్చింది, టికెట్ రాలేదు

ప్రశ్న: మేడమ్, మాది కోరుట్ల. సెలవు మీద వచ్చిన మా తమ్ముడు తిరిగి దుబాయి వెళ్లాలి. తెలిసినవాళ్లు చెప్పిన హైదరాబాదు ఏజెంటుకు యూపీఐలో 24,500 పంపాను. వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. పీఎన్‌ఆర్ కొడితే పేరు కూడా కనిపించింది. తీరా శంషాబాద్ పోయాక కౌంటర్లో టికెట్ లేదన్నారు. అక్కడికక్కడే 41,000 పెట్టి ఇంకోటి కొన్నాం. ఏజెంటేమో ‘వచ్చేసారి టికెట్‌లో అడ్జస్ట్ చేస్తా’ అంటున్నాడు. ఒప్పుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోకండమ్మా. హనుమకొండలో నా ఆఫీసుకు ఇలాంటి కాగితాలు పట్టుకొని వచ్చేవాళ్లు ‘పీఎన్‌ఆర్ వచ్చింది కదా’ అనే అంటారు. విన్నప్పుడల్లా బాధేస్తుంది. డబ్బు కట్టకుండానే ఏజెంటు సీటును కొంత గడువు వరకు ఆపి ఉంచగలడు. అప్పుడు కూడా ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ వస్తుంది, పేరూ కనిపిస్తుంది. గడువు దాటితే సీటు పోతుంది. డబ్బు కట్టాక వచ్చే 13 అంకెల టికెట్ నంబరు వేరు. కొన్ని చౌక విమానాలకు ఆ నంబరు ఉండదు. వాటికైతే ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్‌లో ‘కన్ఫర్మ్‌డ్’ అని ఉందో లేదో చూసుకోవాలి.

మీ విషయంలో ఇంకోటి కూడా జరిగి ఉండొచ్చు. టికెట్ నిజంగానే కొని, తర్వాత రద్దు చేసి, రీఫండ్ ఏజెంటు తన ఖాతాలో వేసుకొని ఉండొచ్చు. అందుకే ముందు ఆ పీఎన్‌ఆర్ రాసి, టికెట్ ఇచ్చారా, ఇస్తే ఎప్పుడు రద్దయింది, రీఫండ్ ఎవరికి వెళ్లిందని ఎయిర్‌లైన్స్‌కు తమ్ముడి చేత మెయిల్ పెట్టించండి. ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కైనా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్స్‌దేనని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన చెబుతోంది. అసలు టికెట్టే కొనలేదని తేలితే మాత్రం పూచీ ఏజెంటుదే.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. డబ్బు పంపిన కొద్ది గంటల్లోనే చేసి ఉంటే దాన్ని ఖాతాలోనే ఆపే అవకాశం ఎక్కువగా ఉండేది. అయినా ఫిర్యాదు రికార్డులో ఉండాలి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఏజెంటు హైదరాబాదులో ఉన్నాడని టెన్షన్ వద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాను చూసే వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఏజెంటుకు కట్టిన 24,500 ఒక్కటే అడిగి ఊరుకోకండి. రెండో టికెట్‌కు అదనంగా పెట్టిన 16,500 కూడా అతని వల్ల పోయిందే. మొత్తం 41,000, దానిపైన పడ్డ ఇబ్బందికి పరిహారం అడగండి.

వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి. రెండో టికెట్ బోర్డింగ్ పాస్ తమ్ముడి దగ్గరే ఉండి ఉంటుంది, పారేయకముందే ఫొటో తీసి పంపమనండి.