బృందంలో ఒకరే వీగన్ అయినప్పుడు వండని భోజనానికి వెళ్లవచ్చా?

మీ స్నేహితుల్లో ఒకరు వీగన్, అంటే మాంసం, చేపలే కాదు, పాలు, తేనె లాంటివి కూడా ముట్టనివారు. మిగిలినవారంతా చేపల పులుసు లేనిదే ముద్ద దిగనివారు. విశాఖలో వీగన్ వంటకాలు, వండని ఆహారం పెట్టే చోటికి అందరూ కలిసి వెళ్తే కడుపు నిండుతుందా, డబ్బు దండగవుతుందా అని అడిగారు. మాదీ అలాంటి బృందమే. కిందటి వేసవిలో వెళ్లి వచ్చాం. తప్పకుండా వెళ్లండి. అయితే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉంటే మేలు.

మేము ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కలిసి చదువుకున్న నలుగురం. మా స్నేహితురాలు ఆరేళ్లుగా పాలు, పెరుగు, నెయ్యి, తేనె ముట్టడం లేదు. ‘శుద్ధ శాకాహారం’ అని బోర్డు ఉంటే ఆమెకు సరిపోతుందని మేము చాలాకాలం పొరబడ్డాం. అసలు వీగన్ అనే మాట 1944లో బ్రిటన్‌లో పుట్టిందే పాలు కూడా వద్దనుకున్న శాకాహారులు తమను వేరుగా చెప్పుకోవడానికి. మన హోటళ్లలో పప్పు మీద నెయ్యి, పొంగలిలో నెయ్యి, కూరల్లో వెన్న. ఆమె ఒక్కో పదార్థం గురించి అడగాలి, వడ్డించే అబ్బాయి వంటగదిలోకి వెళ్లి కనుక్కుని రావాలి. ఈలోగా మా పళ్లేలు సగం ఖాళీ అయ్యేవి. చివరికి ఆమె సాదా ఇడ్లీ తిని, కడుపు నిండిందనేది.

మేము వెళ్లింది లాసన్స్ బే కాలనీ వైపు, మేడ మీద ఉన్న ఒక చిన్న రెస్టారెంటు. ఇలాంటి చోట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి ఫోను చేసి కనుక్కున్నాకే బయలుదేరండి. ఎంతమంది వస్తున్నారో కూడా ముందురోజే చెప్పండి. ఈ వంటకాలు అప్పటికప్పుడు తయారయ్యేవి కావు. వండని ఆహారం అంటే పదార్థానికి సుమారు 42 నుంచి 48 డిగ్రీల సెల్సియస్ మించి వేడి తగలనివ్వరు. పొయ్యి చేయవలసిన పనిని నానబెట్టడం, మొలకెత్తించడం, రుబ్బడం, పులియబెట్టడం, ఆరబెట్టడం చేస్తాయి. మాకు మొదట వచ్చిన అవిసె గింజల అప్పడం రాత్రంతా సన్నని వేడి గాలికి ఆరినదట. విరిస్తే పటుక్కున విరిగింది. మామిడి తాండ్రను ఎండలో పొర మీద పొరగా ఆరబెట్టే ఓపికే ఇది కూడా.

తర్వాత సొరకాయను నూడుల్స్‌లా సన్నగా తురిమి, పైన జీడిపప్పు రుబ్బి పులియబెట్టిన చీజు వేసి తెచ్చారు. మాలో ఒకడిది పలాస. అతను ఆ చీజును వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఆగి, ఈ పప్పు నిజంగా పచ్చిది కాదన్నాడు. జీడిగింజ పెంకులో చర్మాన్ని పొక్కించే జీడి ఉంటుంది. అందుకే గింజలను ఆవిరి పట్టించో, వేయించో ఆ తర్వాతే పెంకు పగలగొడతారు. వాళ్ల అమ్మ జీడి కార్ఖానాలో పని చేసేవారు. ఆమె వేళ్ల చివర్లు ఎంత తోమినా నలుపు వదిలేవి కావని, అన్నం కలిపి పెడుతుంటే చిన్నప్పుడు ఆ నలుపునే చూస్తూ తినేవాడినని చెప్పాడు. రెస్టారెంటు నడిపే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని అంతా విన్నారు. నిజమేనని ఒప్పుకుని, పట్టింపు ఉన్నవారికి జీడిపప్పు బదులు కొబ్బరితో చేస్తామన్నారు. ఇరవై ఏళ్ల స్నేహంలో వాడు ఇంటి మాట అంత విప్పి చెప్పడం నేను వినలేదు.

రుచి సంగతికి వస్తే, అన్నీ నచ్చలేదు. మొలకల సలాడ్ చప్పగా ఉంది. ఖర్జూరం, కొబ్బరి కలిపిన కేకు మాత్రం రెండోసారి తెప్పించుకున్నాం. మీవాళ్లు పచ్చి తిండి అనగానే వెనకాడితే ఉగాది పచ్చడిని గుర్తు చేయండి. చింతపండు, బెల్లం, మామిడికాయ, వేపపువ్వు: పొయ్యి మీదకు ఎక్కదు, పాలచుక్క తగలదు. శ్రీరామనవమి వడపప్పు, పానకం కూడా అంతే.

ఒక జాగ్రత్త. మన సముద్రపు ఉక్కలో పచ్చి మొలకలు త్వరగా పాడవుతాయి. పైగా మొలకెత్తే తేమలో హానికర బ్యాక్టీరియా కూడా పెరగగలదు. గర్భిణులు, పెద్దవయసువారు మీతో ఉంటే పచ్చి మొలకలు వద్దనండి. ఒక పూట బాగుందని ఎవరైనా రేపటి నుంచి ఇదే తింటానంటే మాత్రం ఆలోచించమనండి. 1929లో గాంధీజీ ఆంధ్ర పర్యటన రోజుల్లో రాజమండ్రి ప్రకృతి వైద్యుడొకరి మార్గదర్శకత్వంలో వండని ఆహారం మొదలుపెట్టి, ఆరోగ్యం దెబ్బతిని కొన్ని నెలలకే ఆపేశారు. వండుకుని తినే వీగన్‌లకైనా బి12 విటమిన్ విడిగా తీసుకోవడం అవసరం. మొక్కల ఆహారంలో అది నమ్మకంగా దొరకదు. మా స్నేహితురాలు మాత్ర వేసుకుంటుంది.

ఇక కడుపు నిండడం. ఆకలి దంచేస్తున్నప్పుడు వెళ్లకండి. తలా ఒకటి కాకుండా నాలుగైదు రకాలు తెప్పించి పంచుకోండి. మాకు గంట తర్వాత మళ్లీ ఆకలేసింది, అది నిజం. కాని ఆ రోజు ఆమె మెనూ పుస్తకం అందుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. రెండుసార్లు చదివింది. మా అందరికీ ఏం కావాలో తనే చెప్పింది. ఆ ఒక్క దృశ్యానికి నేను ఆ బిల్లు మళ్లీ మళ్లీ కడతాను.

అక్కడి నుంచి బీచ్ రోడ్డుకు నడిచి మురీ మిక్చర్ బండి దగ్గర ఆగాం. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గింజలు, కారం, పైన నిమ్మకాయ పిండి పొట్లాలు కట్టిచ్చాడు. నాలుగు పొట్లాలు, నాలుగూ ఒకేలాంటివి.